రొమ్ము క్యాన్సర్ పాకడంలో మన రోగనిరోధక కణాలే సాయం చేస్తాయా?

ఆకుపచ్చ_కిటికీ

అందరికీ నమస్కారం. మా అక్కకు ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్ గ్రాహకాలు లేని, హెర్2 ప్రొటీన్ కూడా ఎక్కువగా లేని రకం) రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కి ముందే కీమోతో పాటు ఇమ్యునోథెరపీ (రోగనిరోధక కణాల్ని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే చికిత్స) కూడా మొదలుపెట్టారు. బయాప్సీ రిపోర్టు చివర్లో "స్ట్రోమల్ టిఐఎల్ 40 శాతం" అని ఒక వాక్యం ఉంది. టిఐఎల్ అంటే గడ్డలోకి చేరిన లింఫోసైట్లని (ఒక రకం తెల్ల రక్తకణాలని), అది మంచి లక్షణమేనని డాక్టర్ గారు ఒక్క ముక్కలో చెప్పారు.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే దీనికి పూర్తిగా ఎదురు మాట కనిపించింది. మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు క్యాన్సర్ కణాల్ని దగ్గరుండి రక్తనాళంలోకి పంపిస్తాయట. న్యూట్రోఫిల్స్ రక్తంలో వాటిని అంటిపెట్టుకుని తిరుగుతాయట. ఇవన్నీ ఒంటిని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలే కదా! బంధువులేమో ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇమ్యూనిటీ పెంచండి" అంటున్నారు. ఏ కణాన్ని పెంచాలి, ఏ కణాన్ని తగ్గించాలి? ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పగలరా? రాత్రిళ్లు ఇదే ఆలోచన, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

స్లైడ్_కింద

నేను పాథాలజిస్టుని. మీ రిపోర్టులోని ఆ వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అలాంటి వాక్యాలు రోజూ రాసేది మేమే, వాటిని విడమర్చి చెప్పేవాళ్లు తక్కువ.

హెచ్ అండ్ ఈ రంగులు వేసిన స్లైడ్‌ని మైక్రోస్కోప్ కింద పెడితే క్యాన్సర్ కణాలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఆ గుంపుల మధ్య గులాబీ రంగులో పీచుపీచుగా ఉండే కణజాలాన్ని స్ట్రోమా అంటాం. లింఫోసైట్లు అందులో ముదురు నీలం రంగులో, చిన్నగా, గుండ్రంగా ఉంటాయి. కణంలో దాదాపు అంతా న్యూక్లియస్సే, చుట్టూ సన్నటి అంచు మాత్రం మిగులుతుంది. మేం స్లైడంతా తిప్పి చూసి, స్ట్రోమా విస్తీర్ణంలో ఎంత భాగాన్ని ఈ కణాలు ఆక్రమించాయో సగటున అంచనా కడతాం. మీ అక్కగారి విషయంలో 40 శాతం అంటే అర్థం అది. గడ్డలో 40 శాతం రోగనిరోధక కణాలే ఉన్నాయని కాదు. కుళ్లిన భాగాన్ని, ఇంతకుముందు సూది గుచ్చిన చోటును లెక్కలోకి తీసుకోం. ఇలాగే లెక్కపెట్టాలని 2014లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం పద్ధతి ఏర్పరచింది, అంతకుముందు ఎవరి పద్ధతి వారిది.

ట్రిపుల్ నెగటివ్‌లోనూ హెర్2 పాజిటివ్‌లోనూ ఈ శాతం ఎక్కువుంటే కీమోకి గడ్డ పూర్తిగా కరిగే అవకాశం పెరుగుతుంది. ట్రిపుల్ నెగటివ్‌లో తిరగబెట్టే ముప్పు కూడా తక్కువగా ఉంటుంది. డాక్టర్ గారు చెప్పింది నిజమే. హార్మోన్ పాజిటివ్ రకంలో మాత్రం ఈ సంబంధం ఇంత సూటిగా ఉండదు, కాబట్టి వేరే రకం ఉన్నవాళ్లు ఈ మాటను తమకు అన్వయించుకోవద్దు.

ఇంకో సంగతి. మాక్రోఫేజ్‌లను ఈ మామూలు రంగుల్లో నమ్మకంగా గుర్తుపట్టి లెక్కపెట్టలేం. సిడి68, సిడి163 లాంటి ప్రత్యేక స్టెయిన్లు వేయాలి, అవి రొటీన్‌గా వేయం. అంటే మీ రిపోర్టు మాట్లాడింది లింఫోసైట్ల గురించి, మీరు తర్వాత చదివింది ఎక్కువగా మైలాయిడ్ కణాల గురించి, అంటే మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్ ఉండే కుటుంబం గురించి. రెండూ తెల్ల రక్తకణాలే అయినా చేసే పనులు వేరు.

కణం_వెంట

పైన చెప్పినదానికి కొనసాగింపుగా మాక్రోఫేజ్‌ల సంగతి నేను రాస్తాను. నేను పనిచేసేది వీటి మీదే.

కణితుల్లో తెల్ల రక్తకణాలు ఉంటాయని 1863లోనే విర్చో రాశాడు. చాలాకాలం వాటిని క్యాన్సర్‌తో పోరాడటానికి వచ్చినవిగానే చూశారు. 1986లో డ్వోరాక్ అనే పాథాలజిస్టు కణితిని మానని గాయంగా వర్ణించాడు. నా దృష్టిలో మీ ప్రశ్నకు తాళంచెవి అక్కడే ఉంది. దెబ్బ తగిలిన చోట మాక్రోఫేజ్‌ల పని చంపడం ఒక్కటే కాదు. చచ్చిన కణాల్ని మింగుతాయి, కొత్త రక్తనాళాలు మొలిచేలా సంకేతాలిస్తాయి, కణాలు కదిలివచ్చి ఖాళీని పూడ్చేలా చుట్టూ ఉన్న కొల్లాజెన్‌ని సర్దుతాయి, ఇక దాడి చాలించమని టి కణాలకు (లింఫోసైట్లలో ఒక రకానికి) చెబుతాయి. గాయం మానాలంటే ఇవన్నీ కావాలి. కణితి కూడా గాయం పంపే సంకేతాలే పంపుతుంది. మాక్రోఫేజ్‌లు వచ్చి తమకు తెలిసిన పనే చేస్తాయి. రక్తనాళాలు, కదలికకు దారి, టి కణాలకు అడ్డు, ఈ మూడూ క్యాన్సర్ పాకడానికి అక్కరకొచ్చేవే.

ఇది ఊహ మాత్రమే కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చేలా జన్యుమార్పు చేసిన ఎలుకల్లో, మాక్రోఫేజ్‌లు పెరగడానికి అవసరమైన సిఎస్ఎఫ్-1 అనే ప్రొటీన్ లేకుండా చేసి చూశారు. 2001లో వచ్చిన ఆ పరిశోధనలో రొమ్ములోని గడ్డ మామూలుగానే మొదలై పెరిగింది, కానీ ముదరడం ఆలస్యమైంది, ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గింది. గడ్డ పెరగడం, పాకడం రెండు వేర్వేరు పనులని, రెండోదానికి మాక్రోఫేజ్‌ల అవసరం ఎక్కువని అప్పుడు గట్టిగా తెలిసింది.

ఎలా జరుగుతుందో కూడా కళ్లారా చూశారు. మత్తు ఇచ్చిన ఎలుకలో, బతికున్న గడ్డని మైక్రోస్కోప్‌తో చూస్తే క్యాన్సర్ కణమూ మాక్రోఫేజూ కొల్లాజెన్ పోగుల వెంట ఒకదాని వెనక ఒకటి కదులుతుంటాయి. క్యాన్సర్ కణం సిఎస్ఎఫ్-1 వదులుతుంది, దానికి మాక్రోఫేజ్ దగ్గరకొస్తుంది. మాక్రోఫేజ్ ఈజీఎఫ్ అనే ప్రొటీన్ వదులుతుంది, దానికి క్యాన్సర్ కణం ముందుకు జరుగుతుంది. అలా రక్తనాళం దాకా వస్తాయి. నాళం గోడకు ఆనుకుని ఉన్న మాక్రోఫేజ్ విఈజీఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ వదిలితే గోడలోని కణాల మధ్య అతుకులు కాసేపు వదులవుతాయి. క్యాన్సర్ కణం సన్నగా సాగి ఆ సందులోంచి లోపలికి జారుతుంది. తర్వాత అతుకు మళ్లీ మూసుకుపోతుంది. ఒక క్యాన్సర్ కణం, ఒక మాక్రోఫేజ్, ఒక నాళపు గోడ కణం ఈ మూడూ తాకుతూ ఉన్న చోట్లను మనుషుల గడ్డల్లో కూడా గుర్తించారు. తర్వాత దూరపు అవయవాలకు పాకినవాళ్ల గడ్డల్లో అలాంటి చోట్లు ఎక్కువగా ఉన్నాయని 2009లో చూపించారు.

టి కణాలన్నీ మంచివని కూడా అనుకోవద్దు. సహాయక టి కణాల్లో ఒక రకం ఐఎల్-4 అనే సంకేత ప్రొటీన్ వదిలి మాక్రోఫేజ్‌లను ఈ గాయం మాన్పే ధోరణిలోకి నెడుతుందని 2009లో ఎలుకల్లో చూశారు. సిడి8 టి కణాలు, ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు మాత్రం క్యాన్సర్ కణాల్ని చంపగలిగినవి.

ఆకుపచ్చ_కిటికీ

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రిపోర్టు వాక్యం ఇప్పటికి అర్థమైంది. ఒకటి అడుగుతాను. మాక్రోఫేజ్‌లే దారి చూపిస్తుంటే, గడ్డలోకి అవి రాకుండా ఆపేసే మందు ఇస్తే సరిపోదా? అలాంటి మందు ఎందుకు ఇవ్వరు?

కణం_వెంట

అందరికీ తట్టే ఆలోచనే అది. ఏమైందో చెబుతాను, ఎందుకంటే ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రయోగం అదే.

ఎముక మజ్జలోంచి మోనోసైట్లు బయటికొచ్చి గడ్డ చేరాక మాక్రోఫేజ్‌లవుతాయి. వాటిని పిలిచే సంకేతాల్లో ముఖ్యమైంది సిసిఎల్2. దాన్ని యాంటీబాడీతో అడ్డుకుంటే ఎలుకల్లో ఊపిరితిత్తులకు పాకడం తగ్గిందని 2011లో తేలింది. అందరూ సంతోషించారు. 2014లో మరో బృందం అదే రకం యాంటీబాడీని కొంతకాలం ఇచ్చి ఆపేసి చూసింది. ఇస్తున్నంతకాలం మోనోసైట్లు మజ్జలోనే నిలిచిపోయాయి. ఆపగానే అవన్నీ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చిపడ్డాయి. ఊపిరితిత్తుల్లో కొత్త రక్తనాళాలు పెరిగాయి, క్యాన్సర్ ఇంకా వేగంగా పాకింది, మందు అసలు ఇవ్వని ఎలుకలకంటే ముందే ఇవి చనిపోయాయి.

రోగనిరోధక కణాలు ఒకచోట తగ్గితే ఇంకోచోట పోగుపడతాయి. వాటి రాకపోకల్ని మొత్తంగా చూడకుండా ఒక్క సంకేతాన్ని మూసేస్తే ఏమవుతుందో ముందే చెప్పలేం. సిఎస్ఎఫ్-1 గ్రాహకాన్ని అడ్డుకునే పెక్సిడార్టినిబ్ అనే మందుకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ అది కీళ్ల దగ్గర వచ్చే ఒక అరుదైన కణితికి. రొమ్ము క్యాన్సర్‌లో ఈ దారిన వెళ్లిన మందులేవీ ఇంకా మామూలు చికిత్సలోకి రాలేదు.

మూడో_సైకిల్

నేనిప్పుడు కీమోలో ఉన్నాను. చదువుతుంటే గుండె దడదడలాడింది, అందుకే రాస్తున్నా. ప్రతి సైకిల్ తర్వాత తెల్లకణాలు పెరగడానికి నాకు ఒక ఇంజెక్షన్ ఇస్తారు, జి-సిఎస్ఎఫ్ అంటారు. అది వేసుకున్నాక నడుమూ తుంటి ఎముకలూ లోపల్నుంచి సలుపుతాయి. దానికి ఓర్చుకుంటున్నా. కానీ ఆ ఇంజెక్షన్ పెంచేది న్యూట్రోఫిల్స్‌నే కదా? న్యూట్రోఫిల్స్ క్యాన్సర్‌ని పాకిస్తాయని పైన మొదటి పోస్టులోనే ఉంది. వచ్చేసారి వద్దని చెప్పేయాలా?

వార్డు_దీపం

అమ్మా, వద్దని చెప్పకండి. ముందు ఇది చదవండి.

నేను క్యాన్సర్ వార్డులో నర్సుని. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ పడిపోయిన మనిషికి జ్వరం వస్తే అది ఎమర్జెన్సీ. మామూలు మనిషికి ఏమీ చేయని బ్యాక్టీరియా అప్పుడు గంటల్లో రక్తమంతా పాకి ప్రాణం మీదకు తెస్తుంది. ఆ ప్రమాదాన్ని తగ్గించడానికే ఆ ఇంజెక్షన్. థర్మామీటర్‌లో 100.4 ఫారెన్‌హీట్ దాటితే ఉదయం దాకా ఆగకూడదు, పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. చాలాసార్లు చీము కనపడదు, వాపు ఉండదు, ఎందుకంటే చీము పట్టడానికే న్యూట్రోఫిల్స్ కావాలి. జ్వరం ఒక్కటే కనిపించే గుర్తు.

ఎముకల సలుపు ఎక్కువగా ఉంటే మీ టీమ్‌కి చెప్పండి, దానికి మందులున్నాయి. జ్వరం చూసుకున్నాకే నొప్పి మాత్ర వేసుకోండి.

కణం_వెంట

వార్డు_దీపం గారి మాటే ముందు. సైన్స్ వైపు నుంచి కొంచెం చెబుతాను.

2015లో ఎలుకల మీద వచ్చిన పరిశోధనలో గొలుసు ఇలా ఉంది: కణితి వల్ల గామా డెల్టా అనే రకం టి కణాలు ఐఎల్-17 అనే సంకేత ప్రొటీన్ వదిలాయి, దానివల్ల ఒంట్లోనే జి-సిఎస్ఎఫ్ పెరిగింది, దానివల్ల వచ్చిన న్యూట్రోఫిల్స్ సిడి8 టి కణాల్ని అణిచేశాయి, క్యాన్సర్ పాకింది. అక్కడ వారాల తరబడి, ఆపకుండా, కణితి ఒత్తిడి కింద న్యూట్రోఫిల్స్ తయారయ్యాయి. మీకు ఇచ్చేది కీమోతో పూర్తిగా పడిపోయిన సంఖ్యను మామూలు స్థాయికి తేవడానికి, కొద్ది రోజులకు. రెండు పరిస్థితులూ ఒకటి కావు. ఈ ఇంజెక్షన్ ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉంది. దీని అండతోనే కీమో సైకిళ్ల మధ్య వ్యవధి తగ్గించి ఇచ్చే పద్ధతి సాధ్యమైంది. ఆ పద్ధతిలో రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం, మరణాలు రెండూ తగ్గాయి, పెరగలేదు.

న్యూట్రోఫిల్స్ క్యాన్సర్ కణాలతో కలిసి తిరగడం నిజమే. 2019లో రొమ్ము క్యాన్సర్ ముదిరినవాళ్ల రక్తంలో అలాంటి జంటల్ని పట్టుకున్నారు. న్యూట్రోఫిల్‌తో అంటుకున్న క్యాన్సర్ కణం ఒంటరిదానికంటే చురుగ్గా విభజన చెందుతుంది, అలాంటివి కనిపించినవాళ్లకు జబ్బు త్వరగా ముదిరింది. కానీ 2011లో ఇంకో బృందం చూసిందేమిటంటే, కణితి ఉన్న ఎలుకల్లో తయారైన న్యూట్రోఫిల్స్ ఊపిరితిత్తుల్లోకి ముందే చేరి, అక్కడికొచ్చిన క్యాన్సర్ కణాల్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చంపాయి. అదే కణం, రెండు రకాల ప్రవర్తన. ఏ దశలో, ఏ అవయవంలో, ఏ సంకేతాల మధ్య ఉందన్నదే తేడా.

మూడో_సైకిల్

హమ్మయ్య. ఇంజెక్షన్ మానను. ఇద్దరికీ థాంక్స్ అండీ.

గీతలు_లెక్కలు

నాదొక అభ్యంతరం ఉంది. ఇక్కడ చెప్పిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఎలుకలవి. ఆ ఎలుకలు వయసులో ఉన్నవి, ఒకే వంశానివి, శుభ్రమైన బోనుల్లో పెరిగినవి. వాటి గడ్డలు వారాల్లో పెరుగుతాయి, ఎక్కువగా ఊపిరితిత్తులకే పాకుతాయి. మనిషిలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వెళ్లేది ఎముకలకు, ఏళ్ల తరబడి తీసుకుంటుంది. అందుకే "ఎలుకల్లో ఇలా జరిగింది" అన్న వాక్యాన్ని "నా ఒంట్లో ఇలా జరుగుతోంది" అని చదువుకోవద్దని నా విన్నపం.

ఇంకోటి. బ్లడ్ రిపోర్టులో న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్లతో భాగించి ఒక నిష్పత్తి లెక్కేస్తారు, అది ఎక్కువుంటే ఫలితం బాగోదని పరిశోధనలున్నాయి. వందల మందిని కలిపి చూసినప్పుడు ఆ సంబంధం కనిపిస్తుంది. ఒక్క మనిషి రిపోర్టులో ఆ అంకె జలుబుకి మారుతుంది, స్టెరాయిడ్‌కి మారుతుంది, నిద్రలేమికి మారుతుంది, ఇప్పుడు మాట్లాడుకున్న ఇంజెక్షన్‌కైతే అంతా తారుమారవుతుంది. కీమో ముందు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ ఒక్కటి చాలు న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గినట్టు కనిపించడానికి. ప్రతి రిపోర్టుకీ క్యాలిక్యులేటర్ తీసి భయపడేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

స్లైడ్_కింద

నిష్పత్తి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఎలుకల విషయంలో మాత్రం కాస్త విభేదిస్తాను. ఎలుకలో చూసిన ఆ మూడు కణాల కలయికని మనిషి గడ్డలో వెతికితే కనిపించింది. న్యూట్రోఫిల్ జంటల్ని రోగుల రక్తంలోనే పట్టుకున్నారు. టిఐఎల్స్ సంగతి మొత్తం మనుషుల్లో తేలిందే. ఎలుక ప్రశ్నను ఇస్తుంది, మనిషి కణజాలంలో దానికి జవాబు వెతుకుతాం. ఎలుక లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

గీతలు_లెక్కలు

అంతవరకూ సరే. ప్రశ్న పుట్టడానికి, చికిత్స మారడానికి మధ్య దూరం పెద్దదని మాత్రమే నా మాట.

నడిచొచ్చిన_దారి

నాది హార్మోన్ పాజిటివ్. చికిత్స ముగిసి చాలా ఏళ్లయింది, మాత్రలు కూడా అయిపోయాయి. అయినా వెన్ను నొప్పి వస్తే మనసు అటే పోతుంది. నిద్రపోతున్న క్యాన్సర్ కణాలు అంటారు కదా, వాటిని నిద్రపుచ్చేదీ లేపేదీ రోగనిరోధక కణాలేనా? ఈ మధ్య ఫ్లూ, కోవిడ్ వల్ల అవి లేస్తాయని వార్తల్లో చదివి నాలుగు రోజులు మనశ్శాంతి లేకుండా పోయింది.

కణం_వెంట

నడిచొచ్చిన_దారి గారూ, మీ ప్రశ్న ఈ రంగంలో ఇప్పుడు అందరూ తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న. హార్మోన్ పాజిటివ్ రకంలో ఐదేళ్ల మాత్రల తర్వాత కూడా 20 ఏళ్ల దాకా తిరగబెట్టే ముప్పు కొంత కొనసాగుతుందని 2017లో 62,923 మంది మహిళల సమాచారంతో చూపించారు. మొదట గడ్డ ఎంత ఉంది, ఎన్ని లింఫు గ్రంథులకు చేరింది అన్నదాన్ని బట్టి ఆ ముప్పు చాలా మారుతుంది. అన్నేళ్లు ఆ కణాలు ఎక్కడో ఉండాలి, ఏదో వాటిని ఆపి ఉంచాలి.

ఆపి ఉంచేవాటిలో ఎన్‌కే కణాలు ఒకటి. కాలేయంలో ఎన్‌కే కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ వదిలి రొమ్ము క్యాన్సర్ కణాల్ని నిద్రావస్థలో ఉంచుతాయని 2021లో ఎలుకల్లో చూశారు. కాలేయానికి దెబ్బ తగిలి, అక్కడి స్టెల్లేట్ కణాలు (మచ్చ కణజాలం తయారుచేసేవి) చురుకైతే అవి వదిలే సిఎక్స్‌సిఎల్12 అనే సంకేత ప్రొటీన్ వల్ల ఎన్‌కే కణాలు మందగించి క్యాన్సర్ పెరగడం మొదలైంది.

లేపేవాటిలో న్యూట్రోఫిల్స్ పేరు వినిపిస్తుంది. న్యూట్రోఫిల్ ఒక్కోసారి తన డీఎన్ఏనే దారాలుగా బయటికి చిమ్ముతుంది. బ్యాక్టీరియాని చిక్కించుకోవడానికి అది చేసే పని. ఆ దారాలకు ప్రొటీన్లను కోసే ఎంజైములు అంటుకుని ఉంటాయి. 2018లో ఎలుకల ఊపిరితిత్తుల్లో పొగాకు పొగతోనో బ్యాక్టీరియా పదార్థంతోనో దీర్ఘకాలం వాపు కలిగిస్తే, ఆ ఎంజైములు ల్యామినిన్ అనే ప్రొటీన్‌ని కత్తిరించాయి. కత్తిరించిన చోట కొత్తగా బయటపడ్డ ఆకారాన్ని నిద్రపోతున్న క్యాన్సర్ కణం గుర్తించి మళ్లీ విభజన మొదలుపెట్టింది. ఆ ఆకారాన్ని యాంటీబాడీతో కప్పేస్తే లేవలేదు. ఇంత సూటిగా ఒక అణువు స్థాయి వరకు పట్టుకున్న ప్రయోగాలు అరుదు.

మీరు చదివిన వార్త 2025 నాటి పరిశోధన. ఇన్‌ఫ్లుయెంజా గానీ కోవిడ్ వైరస్ గానీ సోకిన ఎలుకల్లో ఊపిరితిత్తుల్లోని నిద్రాణ రొమ్ము క్యాన్సర్ కణాలు ఐఎల్-6 వల్ల రోజుల్లోనే లేచి పెరిగాయి. తర్వాత మళ్లీ నెమ్మదించాయి, కానీ సంఖ్య పెరిగి ఉంది. మనుషుల రికార్డుల్లో కూడా కోవిడ్ సోకినవాళ్లలో ముప్పు కొంత ఎక్కువున్నట్టు అదే పరిశోధనలో కనిపించింది. రికార్డుల్లో కనిపించిన సంబంధం అది, మీకు జలుబు చేస్తే క్యాన్సర్ లేస్తుందని కాదు. చేతిలో ఉన్నవి ఫ్లూ టీకా, కోవిడ్ టీకా, పొగతాగకపోవడం. ఏది ఎప్పుడు వేయించుకోవాలో మీ డాక్టర్‌ని అడగండి.

నడిచొచ్చిన_దారి

పొగ అలవాటు లేదు. టీకా సంగతి అడుగుతాను. భయం పోలేదు కానీ దానికో ఆకారం వచ్చింది, అది నయం.

ఆకుపచ్చ_కిటికీ

మరి ఆపరేషన్ కూడా గాయమే కదండీ? గాయం మాన్పే కణాలే పాకిస్తాయంటే, అక్క ఆపరేషన్ వల్ల... రాయడానికే చేతులు రావట్లేదు.

స్లైడ్_కింద

ఆ భయాన్ని ఇక్కడే ఆపుదాం. 2018లో ఎలుకల్లో ఒక ప్రయోగం జరిగింది: అప్పటివరకు టి కణాలు అదుపులో ఉంచిన చిన్న గడ్డలు, ఒంట్లో వేరే చోట ఆపరేషన్ గాయం చేయగానే పెరిగాయి. గాయం వల్ల రక్తంలోకొచ్చిన మైలాయిడ్ కణాలే కారణం. ఆ సమయంలో మెలోక్సికామ్ అనే వాపు తగ్గించే మందు ఇస్తే ఆ పెరుగుదల తగ్గింది. ఆ ప్రయోగం చేసినవాళ్లు ఆపరేషన్ మానమనలేదు, గాయం మానే రోజుల్లో ఏం చేయొచ్చో వెతికారు. గడ్డని లోపలే ఉంచేస్తే పైన కణం_వెంట గారు రాసిన ప్రక్రియంతా రోజూ జరుగుతూనే ఉంటుంది. ఆపరేషన్ తేదీని వాయిదా వేయకండి. నొప్పి మందులు కూడా సొంతంగా మార్చకండి, కొన్ని రక్తస్రావం పెంచుతాయి, కొన్ని కిడ్నీ మీద పడతాయి.

మీ అక్కగారికి ఆపరేషన్ ముందే మందులు ఇవ్వడంలో ఒక లాభం ఉంది. గడ్డ ఇంకా లోపల ఉండగా ఇమ్యునోథెరపీ ఇస్తే టి కణాలకు గుర్తుపట్టడానికి కావాల్సిన యాంటిజెన్లు అక్కడ పుష్కలంగా ఉంటాయి. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు టి కణాల మీది పిడి-1 అనే బ్రేకుని విడుస్తుంది. ఆ బ్రేకుల్ని కనిపెట్టినందుకే 2018లో అలిసన్‌కీ హోంజోకీ నోబెల్ వచ్చింది. రెండో, మూడో దశ ట్రిపుల్ నెగటివ్‌లో 1,174 మందితో చేసిన కీనోట్-522 ట్రయల్‌లో తొలి విశ్లేషణ ప్రకారం కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో 51.2 శాతం మందికి, ఈ మందు కలిపి తీసుకున్నవాళ్లలో 64.8 శాతం మందికి ఆపరేషన్‌లో తీసిన కణజాలంలో గానీ లింఫు గ్రంథుల్లో గానీ ఇన్వేసివ్ క్యాన్సర్ మిగల్లేదు. ఐదేళ్లకు బతికున్నవాళ్లు 81.7 శాతానికి బదులు 86.6 శాతం. 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. స్లైడ్ మీద క్యాన్సర్ కణాలున్న చోట ఏమీ మిగలక, మచ్చ కణజాలమూ నురుగు నురుగుగా కనిపించే మాక్రోఫేజ్‌లూ మాత్రమే ఉన్నప్పుడు ఆ రిపోర్టు రాయడం నాకు చాలా ఇష్టం. అవే మాక్రోఫేజ్‌లు అక్కడ చచ్చిన కణాల్ని ఊడ్చేస్తుంటాయి.

వార్డు_దీపం

దీనికి నేను ఒక ముక్క చేర్చాలి. బ్రేకు తీసిన టి కణాలు ఆరోగ్యంగా ఉన్న అవయవాల మీదకూ వెళ్లొచ్చు. థైరాయిడ్, అడ్రినల్, పిట్యూటరీ, పెద్దపేగు, ఊపిరితిత్తులు, కాలేయం, అరుదుగా గుండె. ఆగని విరేచనాలు, కొత్తగా ఆయాసం, పొడి దగ్గు, విపరీతమైన నీరసం, ఛాతీ నొప్పి, ఒంటి మీద దద్దుర్లు ఏవొచ్చినా "కీమో వల్లేలే" అని సర్దుకోకుండా అదే రోజు చెప్పండి. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా రావొచ్చు. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఇమ్యునోథెరపీ తీసుకున్నానని ముందే చెప్పమనండి అక్కని.

ఇమ్యూనిటీ పెంచుతాయని ఇచ్చే పొడులు, గోళీలు ఏవైనా వాడుతుంటే డబ్బాతో సహా తెచ్చి చూపించండి. లోపల ఏముందో తెలియని వాటివల్ల కాలేయం పరీక్షలు పెరిగితే, అది మందు వల్లా గోళీల వల్లా అని తేల్చలేక చికిత్స ఆగిపోయిన సందర్భాలు వార్డులో చూశాను.

వేదిక_నిర్వాహకులు

ఈ చర్చలో ఉత్పత్తుల పేర్లతో వచ్చిన రెండు ప్రచార పోస్టులు తొలగించాం. చర్చ కొనసాగించండి.

నడిచొచ్చిన_దారి

చివరిగా నాదొకటి. నెలసరి ఆగిపోయినవాళ్లకు ఎముకల మందు ఇంజెక్షన్ ఇస్తారు కదా, జోలెడ్రానిక్ యాసిడ్. అది ఎముకలు గట్టిపడటానికే అనుకున్నాను. వ్యాప్తికి కూడా సంబంధం ఉందా? క్యాన్సర్ ఎముకలనే ఎందుకు వెతుక్కుంటుంది?

కణం_వెంట

మంచి ప్రశ్న. 1889లో స్టీఫెన్ పేజెట్ అనే లండన్ సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు చూసి, పాకడం గుడ్డిగా జరగదని, విత్తనం అన్ని వైపులా పడ్డా అనువైన నేలలోనే మొలుస్తుందని రాశాడు. ఎముక ఎందుకు అనువైన నేలయిందో ఇప్పుడు కొంత తెలుసు. అందులోనూ మన చర్చలోని కణాల చుట్టాలే ఉన్నాయి.

ఎముకను కొరికే ఆస్టియోక్లాస్ట్ అనే కణం మాక్రోఫేజ్‌ల వంశానిదే. మోనోసైట్ లాంటి కణాలు కలిసి ఒకటై అది తయారవుతుంది. ఎముకలోకి చేరిన రొమ్ము క్యాన్సర్ కణం పిటిహెచ్ఆర్‌పి అనే ప్రొటీన్ వదులుతుంది. దానివల్ల ఎముక కట్టే కణాలు ర్యాంక్‌ఎల్ అనే సంకేత ప్రొటీన్ ఎక్కువగా వదులుతాయి. ర్యాంక్‌ఎల్ వల్ల ఆస్టియోక్లాస్టులు పెరిగి ఎముకను కొరుకుతాయి. కొరికిన ఎముకలోంచి టిజిఎఫ్-బీటా లాంటి పెరుగుదల పదార్థాలు బయటికొస్తాయి, అవి మళ్లీ క్యాన్సర్ కణాన్ని ఉసిగొల్పుతాయి. జోలెడ్రానిక్ యాసిడ్ ఎముక ఉపరితలానికి పట్టుకుని ఉంటుంది. కొరికిన ఆస్టియోక్లాస్ట్ దాన్ని మింగి చస్తుంది.

2015లో అనేక ట్రయల్స్‌ని కలిపి చూసినప్పుడు, నెలసరి ఆగిన మహిళల్లో తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కి ఈ రకం మందులు ఇస్తే ఎముకల్లో తిరగబెట్టడమూ రొమ్ము క్యాన్సర్ మరణాలూ తగ్గాయని తేలింది. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లలో ఆ లాభం కనిపించలేదు.

వార్డు_దీపం

ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టర్‌కి చూపించుకుని, పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించుకోవాలి. తర్వాత పీకితే దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది, అరుదే కానీ వస్తే చాలా బాధ. కిడ్నీ పరీక్ష, కాల్షియం, విటమిన్ డి చూసుకుంటారు. మొదటి డోసు తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావొచ్చు. కీమోలో ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ఇంజెక్షన్ జ్వరమే అనుకుని ఊరుకోకూడదు, ఫోన్ చేసి చెప్పాలి.

ఆకుపచ్చ_కిటికీ

అక్కకు మీ పోస్టులన్నీ చదివి వినిపించాను. వచ్చే అపాయింట్‌మెంట్‌లో అడగడానికి తనే రాసుకుంది: థైరాయిడ్ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేస్తారు, ఆపరేషన్ తర్వాత కూడా ఇమ్యునోథెరపీ కొనసాగుతుందా, తీసిన గడ్డలో ఏమైనా మిగిలితే తర్వాత ఏ మందు ఇస్తారు. బంధువుల ఫోన్లు ఇకమీదట నేను ఎత్తుతాను.